తొమ్మిదింటి సీరియల్

చీమకుర్తిలో రాత్రి తొమ్మిదైనా
కటింగ్ మిషన్లు ఆగవు.
వెంగమ్మ మెస్సులో
రాతిపొడి పట్టిన టీవీని తువ్వాలుతో తుడిచి
సౌండే పెంచుకుంటాం.

"పెద్దాయనంటే వాడేనబ్బా," అంటాడు సుభాని.
"సొంత తమ్ముణ్ణి చంపించినోడు పెద్దాయనేంది?"
"చంపించినాక ఏడ్చాడు గదా, చూళ్ళా?"
మాలకొండయ్యకు కోడలి మీదే కోపం,
అన్నీ తెలిసీ ఆ నగలు పెట్టుకుంటదని.
నాకు మాత్రం వాళ్ళు అన్నాలు తినే సీను ఇష్టం:
నెత్తురు కడుక్కున్న చేత్తోనే
కూతురికి చేప ముల్లు తీసిపెడతాడు.

ఈ రాత్రి ఎవరో లారీ డ్రైవర్ని కాల్చారు.
పేరు కూడా చెప్పలా.
ప్రకటనలొచ్చాయి.

సాంబారు గరిటె పట్టుకునే
వెంగమ్మ అడిగింది:
"ఆ డ్రైవరింట్లో ఈ పూట
ఏం వండుంటారు?"

సుభాని రిమోటు కోసం తడుముకుంటున్నాడు.
అది వాడి ఒళ్ళోనే ఉంది.