నాలుగు వేళ్ళ మడత

మొదటి ఏడు జెల్లాబా అంచు నేల రాస్తుంటే
ఉతికి ఉతికి బట్ట సాగిందనుకున్నాను.
ఒక వేలు మడిచి కుట్టాను.
మరుసటి ఏడు ఇంకో వేలు.
మూడో రంజాన్‌కి రెండు వేళ్ళు.
సూది నోట పెట్టుకుని అతని కాళ్ళ దగ్గర కూర్చున్నాక తెలిసింది:
బట్ట అలాగే ఉంది.
బూషైబ్ కుంగుతున్నాడు.

ఖురీబ్గాలో ఇరవై రెండేళ్ళు
వ్యాగన్లకు ఫాస్ఫేట్ ఎత్తిన మనిషి.
ఆ బూడిదరంగు పొడి మా దిండ్లలో, పిండి జల్లెడలో,
నిద్రపోయే పిల్ల కనురెప్పల మీద.
ఎక్కడో ఎవరి పొలానికో అది బలమట.

తుమ్మితే పక్కటెముక చిట్లింది.
బస్సు మెట్టు దిగితే తొడలో పగులు.
వాతమన్నాడొకడు, నరాలన్నాడొకడు,
పని ఎగ్గొట్టే ఎత్తన్నాడు మేస్త్రీ.
మెర్జూగా తీసుకెళ్ళి
మెడదాకా వేడి ఇసుకలో పాతి పెట్టించాను.
"మిలూదియా, చావుకి ఇది రిహార్సలా?" అన్నాడు తల ఒక్కటే బయట పెట్టుకుని.
నేను నవ్వితే తనూ నవ్వబోయాడు,
పక్కటెముక పట్టుకోవాల్సిన చెయ్యి ఇసుకలో ఉండిపోయింది.

రబాత్‌లో ఒక చిన్న డాక్టరమ్మ, పేరు ఇత్తో.
రక్తపు కాగితంలో ఎవరూ చదవని వరుస మీద గోరు పెట్టింది.
"నీలో ఫాస్ఫేట్ నిలవట్లేదు,
మూత్రంలో పోతోంది."
బూషైబ్ గోడవైపు తిరిగాడు,
రోజుకి యాభై వ్యాగన్లు నింపి పంపినవాడు.

దాతది ఎముక లేని చెయ్యి అంటారు.
ఇతనికి ఒళ్ళంతా ఆ చెయ్యే అయింది,
ఎవరికిస్తున్నాడో తెలియకుండానే.

ఇంటిదొంగను దేవుడైనా పట్టలేడు కదా,
యంత్రం పట్టింది.
తెర మీద మూత్రపిండాలు వెలిగాయి, వెలగాల్సిందే.
ప్లీహం వెలిగింది, అదీ సరే.
ఎడమ మడమలో ఆ చుక్కకి మాత్రం
అక్కడ ఏ పనీ లేదు.
ఇన్నేళ్ళూ దాని మీదే నిలబడ్డాడు.

కోసి తీశాక సీసాలో చూపించమన్నాడు.
హరీరాకి నానేసిన శనగగింజంత.
క్యాన్సర్ కాదట, పాకేదీ కాదట.
"ఇంతేనా?" అన్నాడు,
సంతలో బేరం తెగని గొర్రెని చూసినట్టు.

వారం తిరక్కుండా రక్తంలో అంకె లేచింది.
ఎముకలు నిదానంగా గట్టిపడతాయట,
కొత్తగా మెత్తిన గోడ ఆరినట్టు.
పోయిన ఎత్తు రాదు. ఇత్తో దాచకుండా చెప్పింది.

నిన్న రైలు గేటు దాకా కర్ర లేకుండా నడిచాడు.
గూడ్సు పోతుంటే వ్యాగన్లు లెక్కపెట్టి
మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదటినుంచి అన్నాడు.
బండి ఆగుతుందా?

ఇంటికొచ్చి జెల్లాబా తిరగేశాను.
మడతలో దాగిన బట్ట
కొన్ననాటి నీలంగానే ఉంది.
ఎలాగూ అక్కర్లేదు, కోసేద్దామని
కత్తెర తీశాను.
ఇంకా చేతిలోనే ఉంది.