పగటినిద్ర

వీగో రేవులో చేపల వేలం
అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది.
నా పని తూకం.
కవళ్ళ పెట్టె, కానాగంతల పెట్టె,
ధడా తీసేసి, అంకె అరిచి,
పక్కకి జరపడం.
తెల్లారేసరికి నా వేళ్ళు నావి కావు.
నాలుగంతస్తులు మెట్లెక్కి
అవి మళ్ళీ నావయ్యేదాకా
అమ్మ ఇచ్చిన కాఫీ గిన్నెను పట్టుకు కూర్చుంటాను.

ఆ తర్వాత నేను పడుకుంటాను.
ఇల్లంతా మునివేళ్ళ మీద నిలబడుతుంది.

నాన్న టీవీ నోరు నొక్కేసి ఫుట్‌బాల్ చూస్తాడు.
గోల్ పడితే
సోఫా చెయ్యి మీద రెండుసార్లు తడతాడు, అంతే.
తమ్ముడు బ్రైషో బూట్లు చేత్తో పట్టుకెళ్ళి
మెట్ల మీద వేసుకుంటాడు.
అమ్మ కుళాయిని దారమంత సన్నగా తిప్పి
గిన్నెలు కడుగుతుంది.
ఎవరూ నాకీ సంగతి చెప్పలేదు.
నిద్రపట్టని రోజుల్లో
గోడవైపు తిరిగి పడుకుని విన్నాను,
చప్పుడు చెయ్యకుండా ఉండటానికి
ముగ్గురు మనుషులు పడే అవస్థ.

నాకు ఇరవై నాలుగేళ్ళు.
జీతం పన్నెండు వందల నలభై యూరోలు.
కాల్వారియో పేటలో ఒక గది
మూడు వందల ఎనభై, కరెంటు వేరే.
వేలం చీటీ వెనక
గది తీసేసి, బస్సు తీసేసి,
పళ్ళ డాక్టరు వాయిదా తీసేసి చూస్తే
చివర మిగిలింది ఒక కోటు,
అదీ చలి వెళ్ళిపోయాక.
ఇంట్లో ఇచ్చే రెండొందలు
ఎక్కడ రాయాలో తెలియక అంచున రాశాను.
తడికి ముందు అదే చెరిగింది.

గది ఆసామి, ముసలి ఎర్మితాస్,
తాళంచెవి నా చేతిలో పెట్టి
"రేపటిదాకా ఉంచుకో.
పగలు ఒకసారి వెళ్ళి కూర్చో.
గదిని రాత్రి చూసి తీసుకోకూడదు,
మొగుణ్ణి కూడా" అంది.

ఇంట్లో రెండో షిఫ్టు అని చెప్పి
వెళ్ళి కూర్చున్నాను.
కిటికీలో ఎదురింటి మురుగు గొట్టం,
పావురం రెట్ట, పిసరంత ఆకాశం.
మంచం కిర్రుమంది.
కావాలని మళ్ళీ కిర్రుమనిపించాను.
అక్కడి నిశ్శబ్దం
ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు.
దానికి నేను బాకీ లేను.
ఈల మీద ఒక పాట ఎత్తుకుని సగంలో ఆగాను.
మిగతా సగం నాన్నకే వచ్చు.

నిజం చెప్పాలంటే
వద్దనుకోడానికి కారణాలు ఏరుకుంటూనే
వెనక్కి బయల్దేరాను.
అమ్మ మోకాలు.
మందుల డబ్బా మీద నాన్నకి కనబడని అక్షరాలు.
వానలో గొడుగు తిరగబడింది, అదీ కలుపుకున్నాను.

రెండో అంతస్తులో ఉండగానే వినబడింది.
గొంతు చించుకుంటున్న రేడియో,
దానికంటే గట్టిగా, శ్రుతి తప్పి, అమ్మ.
రిఫరీని గుడ్డివాడా అంటూ నాన్న.
బల్ల మీద బ్రైషో దరువు.
ఏదో మూత కిందపడి గిరగిరా తిరిగి తిరిగి
దానంతటదే ఆగేదాకా
ఎవరూ దాన్ని పట్టుకోలేదు.

మూడో అంతస్తు సతుర్నీనా తలుపు సందులోంచి
"నువ్వు ఇంట్లో లేవని
మాకు ఇలాగే తెలుస్తుందే" అంది.

ఆ మెట్టు మీదే కూర్చున్నాను.
బూట్ల నిండా చేపవాసన.
రెండేళ్ళుగా నేను ఎరగని మా ఇల్లు
నా నెత్తిమీద గంతులేస్తోంది.
కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది.
వెల్లుల్లి వేగుతున్నట్టుంది, ఆకలి కూడా వేసింది.
రాత్రంతా ధడా తీసేసి తూచేదాన్ని,
మా ఇంటి తూకంలో
ధడా నేనేనేమోనని
ఒక్కసారైనా తట్టలేదు.

జేబులో రెండు తాళంచెవులు ఒరుసుకున్నాయి.
పైకెళ్ళి, ఒకటి బయటికి తియ్యబోయి,
ఎందుకో బెల్లు కొట్టాను.

రేడియో టక్కున ఆగింది.
మునివేళ్ళ మీద అడుగులు తలుపుదాకా వచ్చాయి.
"తాళంచెవి మర్చిపోయావా సబేలా?"
గుసగుసగా అమ్మ.

"లేదు" అన్నాను,
ఆ ఇంట్లో చాన్నాళ్ళకి గట్టిగా.
"ముందు ఆ రేడియో పెట్టు."