నాలుగో బోర్డు

వన్‌టౌన్‌లో పాత గోడౌను మీద హాలు.
లీగ్ ఆఖరి రౌండు.
కిటికీ చట్రమ్మీద పోర్టు బొగ్గు ధూళి,
అందులో ఎవరో వేలితో పాయింట్లు రాశారు.
ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే
అందరూ చంపిన బంట్లను బరువు పెట్టుకున్నారు.

నా ఎదురుగా మైలపల్లి లాస్య, తొమ్మిదో తరగతి.
జామెట్రీ బాక్సులోంచి పెన్ను తీసి
నా ఇంటిపేరు రెండుసార్లు అడిగి రాసుకుంది.

వారం రోజులు కూర్మన్నపాలెం బస్సులో నిలబడి
సిసిలియన్ బట్టీ పట్టాను.
పదో ఎత్తు దాకా కళ్ళు మూసుకుని చెప్పగలను,
నైట్ షిఫ్టులో గేజీల అంకెలు చెప్పినట్టు.

ఆమె రాజు ముందరి బంటు, రెండు గళ్ళు.
నాది సిసిలియన్.
ఇప్పుడు గుర్రం రావాలి.
రాలేదు.
మంత్రి వైపు గుర్రం ముందున్న బంటు
నడిచొచ్చి నా బంటు నోటికందేలా నిలబడింది.
కాపలా లేదు. కంగారూ లేదు.

పద్దెనిమిది నిమిషాలు చూశాను దాన్ని.
పడవలవాళ్ళ పిల్ల,
గాలానికి ఏం గుచ్చాలో ఒకరు చెప్పాలా అనుకున్నాను.
(అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే.)
హార్బరులో ఏదో ఓడ కూసింది.
మూడో బోర్డు పైడిబాబు మంచినీళ్ళకని రెండుసార్లు లేచాడు.
చంపలేదు.
మర్యాదగా ఇంకో బంటును ఒక్క గడి జరిపాను.

ఆమె బంటు మరో అడుగేసి
నా గుర్రం దిగాల్సిన గడి మీద కన్నేసి కూచుంది.
ఇక కదల్లేదు. ఆట అయ్యేదాకా అక్కడే.
నా గుర్రం పక్కదారిన వచ్చి
నా శకటుకే అడ్డం పడింది.
కోట కట్టాక తెలిసింది, కోటలో గాలాడదని.
కాగితం ఎగిరిపోతుంటే
అదిమిపెట్టడానికి చంపిన బంటైనా లేదు,
మోచెయ్యి ఆనించి ఆలోచించాను.

మిగతా మూడు బోర్డులూ సరిసమానంగా తేలి
అందరూ వచ్చి నా వెనక నిలబడ్డారు.
నలభై ఒకటో ఎత్తుకి చెయ్యి కలిపాను.
కప్పు వాళ్ళది.
"ఏటైపోయిందయ్యా నీకు" అన్నాడు కెప్టెను, అంతే.

మెట్ల దగ్గర నిమ్మసోడా తాగుతోంది.
ఆ రెండో ఎత్తు ఎవరు నేర్పారమ్మా?
"గుర్రాన్ని తీయబోతే బంటుకి వేలు తగిలింది సార్.
ముట్టుకుంటే ఆడాలి కదా.
ఒక్క గడే జరిపితే భయపడ్డానని తెలిసిపోద్ది,
అందుకే రెండు.
మీరు చూశారనుకున్నా."

చూడలేదు.
అప్పుడు నేను తలొంచుకుని
నా సిసిలియన్ని కాగితం మీద
గుండ్రటి అక్షరాలతో రాసుకుంటున్నాను.