బ్రాకెట్లలో అంకె

రెండో త్రైమాసికం లెక్క ఇంకా తేలలేదు.
మసేరులో, బ్యాంకు నాలుగో అంతస్తులో
హీటరు కాళ్లకే వేడి ఇస్తుంది, చేతులకు ఇవ్వదు.
నేను రెట్సెలిసిత్సోయే, తొమ్మిదో పట్టిక గుమాస్తాను.
బయటి దేశాల పెట్టుబడి ఎంత వచ్చిందో, ఎంత పోయిందో
ఒక వరసలో కూర్చి చూపించడం నా పని.
ఎందుకు పోయిందో రాసే గడి పట్టికలో లేదు.

గీత పైకి పోయిన ఏడాది అందరికీ కనిపించింది.
మంత్రిగారి ప్రసంగంలో, గోడ క్యాలెండరులో,
విమానాశ్రయం స్వాగతం బోర్డు మీద కూడా.
నిజం చెప్పాలంటే ఆ ఏడాది
సరిహద్దు దాటి ఒక్క లోటీ రాలేదు.
ఫ్యాక్టరీవాళ్లు లాభం ఇంటికి పంపకుండా ఇక్కడే ఉంచారు.
పంపనిదాన్ని వచ్చినట్టే రాయాలి, నియమం అది.
పెళ్లికొచ్చిన చుట్టం మర్నాడూ కదలకపోతే
ఇంకో చుట్టం దిగాడని విస్తరి వేసినట్టు.

ఈసారి గీత కిందికి జారింది.
మైనస్ గుర్తు మా పట్టికల్లో వాడం.
తగ్గినదాన్ని బ్రాకెట్లలో పడుకోబెడతాం,
మంచం మీంచి దొర్లకుండా పసివాడికి
అటూ ఇటూ దిండ్లు పెట్టినట్టు.

ఫారం నింపని కంపెనీ ఒకటి మిగిలింది.
ఫోను మోగుతుంది, ఎత్తరు.
"వెళ్లి చూసిరా" అన్నారు మొలెత్సానే మేడం.

మపుత్సోయే దాకా టాక్సీ, నా ఒళ్లో ఎవరిదో కోడి.
మూడో షెడ్డు గేటుకి తాళం లేదు.
తాళం వెయ్యడానికి లోపల ఏముంది?
మిషన్లు నిలబడ్డ చోట సిమెంటు నేలలో
నాలుగేసి బోల్టు కన్నాలు,
వరస వెనక వరస, వెలుతురు అందనంత దూరం.
ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు వెనకటికి.
ఇప్పుడు తగలెయ్యరు.
విప్పి, నూనె తుడిచి, పెట్టెల్లో సర్ది
తరవాతి ఏటికి పట్టుకుపోతారు.

గేటు బయట మపుసెలెత్సో, పిండి ఉండలు వేయించే ఆవిడ.
"ఎప్పటినుంచి తగ్గింది?" ఫారం తీసి అడిగాను.
"రోజుకి ఇరవై కిలోల పిండి కలిపేదాన్ని.
మొన్న వేసవికి పన్నెండు.
ఈస్టరు దాటాక ఐదు.
ఇప్పుడు మా పిల్లలకీ, ఆ కుక్కకీ."
బస్సులో లెక్క వేసుకున్నాను తరవాత.
ఆవిడ బేసిను నా పట్టిక కంటే
రెండు త్రైమాసికాలు ముందుంది.

పెట్టుబడి అనే మాట ఆవిడ నోట రాలేదు.
"వచ్చారు, వెళ్లారు" అంది, వాన సంగతి చెప్పినట్టు.
కొత్తవాళ్లెవరో చూసిపోయారట,
పైకప్పు ఎత్తు కొలిచారట,
అద్దె ఎన్నేళ్లు మాఫీ అని మాత్రం అడిగారట.

బెంచీ మీద దుప్పటి కప్పుకుని లిబుసెంగ్.
పదకొండేళ్లు జీన్సుకి
ఎడమ వెనక జేబు ఒక్కటే కుట్టింది.
"కుడి జేబు కుట్టమంటే చేతకాదు,
ఎవరికి కావాలిప్పుడు సగం దర్జీ?"
మీ కాగితంలో నేనుంటానా అని అడిగింది.
లేవన్నాను. నువ్వు వేరే పట్టిక, వేరే ఆఫీసు.
నవ్వింది. లేచి, భుజం పట్టి నన్ను అటు తిప్పి
నా ప్యాంటు వెనక జేబు మీద బొటనవేలు నడిపింది.
"ఇది నాది కాదు. కుట్టు వంకర."

షెడ్డు పక్క వాగు ఇన్నేళ్లూ నీలంగా పారింది.
ఇప్పుడు అడుగు రాళ్లు కనిపిస్తున్నాయి.
ఈ తేటదనం ఏ గడిలో రాయాలో
నియమాల పుస్తకంలో వెతికాను, దొరకలేదు.

రాత్రి ఎనిమిదింటికి అంకె కొట్టాను.
ఎడమ బ్రాకెట్ పెట్టాను.
కుడిది పెట్టబోతుంటే
చెయ్యి దానంతటదే వెనక్కి పోయి జేబు తడిమింది.
అవును, వంకరే.