పదకొండో సర్క్యులర్

ప్రిన్సిపాల్ గారు టైపు చేయించింది ఒక్క పేజీ.
కోసిగిలో గడప గడపకూ తిరిగిన అటెండరు దస్తగిరి
ఇరవై మూడు కాగితాలు వెనక్కి తెచ్చినాడు.
తాళాలకు చదువు రాదు మేడమ్, అన్నాడు.

అందుకే రాత్రి తొమ్మిది దాటినాక
హాస్టల్ మెట్లలో సిగ్నల్ దొరికే నాలుగో మెట్టు మీద కూచొని
సుగ్గికి పోయినోళ్ళకు ఫోన్లు చేస్తున్నా.
గుంటూరు పక్క ఏ మిరప చేని గట్టునో
ఒక్క ఫోను చుట్టూ తొమ్మిది మంది.
స్పీకరు పెట్టుకోండి, అంటాను.
ముందు దగ్గులు వినపడతాయి,
ఆ తర్వాతే మనుషులు.

చదువుతున్నా, వినండి.
తాగే నీళ్ళ మిషను బాగైంది.
కాలవ నీళ్ళు మూడు దినాలకోసారి వస్తున్నాయి.
కొత్త మంచాలొచ్చినాయి, ఒకదాని మీద ఒకటి.
(పై మంచం కోసం జుట్లు పట్టుకున్నారు,
ఇది కాగితంలో లేదు, నేనే చెబుతున్నా.)
పై మంచాలకు ఇంకా కమ్మీలు బిగించలేదు.
బిగించేదాకా పైన తొమ్మిది, పది తరగతుల పిల్లలే.

ఇకమీదట బయటి తిండి లోపలికి రానీయం.
చెనిక్కాయ ఉండలు, గురెల్ల కారం, ఎండు రొట్టెలు, ఏవైనా సరే.
పోయిన నెల పద్నాలుగు మందికి వాంతులు.

"మా రొట్టెల వల్లనా మేడమ్?"
కాదమ్మా. ఎవరి దాని వల్లనో తెలీలేదు.
తెలీనప్పుడు అందరివీ ఆపుతారు.

పిల్లను పంపాలంటే
కార్డులో ఫోటో ఉన్నోళ్ళే రావల్ల.
ఇది చదివేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది.
ఆ ఫోటోల్లో ఇద్దరు ఇప్పుడు లేరు.
కార్డులు మాత్రం పదో తరగతి దాకా చెల్లుతాయి.

ఫోన్లు ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు.
పిల్లకు నాలుగు నిమిషాలు.
"ఆదివారం గూడా కోతే గదా మేడమ్.
రాత్రి పెట్టకూడదా?"
కాగితంలో పొద్దుననే ఉంది.
ఎవరూ మాట్లాడలేదు.
వాళ్ళ పక్కనుంచి లారీ ఒకటి
చాలాసేపు పోయింది.

కింద సంతకాల కోసం గీతలున్నాయి.
ఒక్కొక్కరు పేరు చెప్పి, విన్నామనండి,
నేను రాసుకుంటా.

హంపమ్మ, విన్నా.
తాయప్ప, విన్నా.
హుసేనమ్మ, విన్నా మేడమ్,
మా పాప చాలు అంటే నమ్మొద్దు,
అడక్కుండా ఇంకో గరిటె వెయ్యండి.

అది రాయడానికి గీత మీద చోటు చాల్లేదు.
కాగితం తిప్పినా.

ఇంక ఆగలేదు వాళ్ళు.
మా దానికి ఎడమ చెవి వినపడదు, ముందర బెంచీలో పెట్టండి.
కొత్తగా పెద్దమనిషైంది, ఎవరికీ చెప్పుకోదు, మీరే అడగండి.
తిట్టండి గానీ వాళ్ళన్న పేరు ఎత్తి తిట్టొద్దు.
మూడేండ్లుగా ఈ పిల్లల హాజరు పిలుస్తున్నా.
ఇందులో ఒక్కటీ నాకు తెలీదు.

చివరికి బజారప్ప.
విన్నా అనలేదు. గొంతు సవరించుకున్నాడు.
"మా ఉరుకుందమ్మ నిద్దర్లో లేసి నడుస్తాది మేడమ్.
ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళమ్మ
కొంగు కొస దాని చేతికి కట్టుకొని పండుకునేది."

చార్జింగ్ రెండు శాతం. ఫోను ఆరిపోయింది.

ఉరుకుందమ్మ తొమ్మిదో తరగతి.
కిటికీ పక్క పై మంచం కోసం అందరికంటే గట్టిగా కొట్లాడి
గెలిచింది.

టార్చి పట్టుకొని పోయినా.
దస్తగిరి పెండ్లాన్ని లేపి, ఇద్దరం కలిసి
నిద్ర చెడకుండా కిందికి దించినాం.
నేను అనుకున్నంత బరువు లేదు.
పక్క మంచం నాదే చేసుకున్నా.
కాసేపు నా చున్నీని చూస్తూ కూచొని
కొస ఒకటి దాని మణికట్టుకు చుట్టినా, వదులుగా.

పొద్దున లేచి గొడవ పెడతాది,
నా మంచం ఎందుకు తీసుకున్నారని.
రూలు మారింది, అంటాను.