పిచ్చాటూరు కట్ట మీద

తెల్లారకముందే వళ్ళెమ్మ
తడి గోనెపట్ట ఎత్తి
వానపాములు లెక్కేస్తా ఉంటాది.
టెంకాయ చిప్పకు ఇరవై. చిప్ప ముప్పై రూపాయలు.
ఎండాకాలమైతే నలభై;
పాములు లోతుకు పోతాయి కదా.

ఆదివారం ఆరుకంతా మద్రాసు కార్లొస్తాయి.
మడత కుర్చీలు, టోపీలు,
మనిషి కన్నా పొడుగు గాలపుకర్రలు.
మొదట్లో నేను నవ్వినా.
చేపలే కావాలంటే నాగలాపురం సంతలో లేవా,
పొలుసు గీకి మరీ ఇస్తారే!

ఇప్పుడు నవ్వను.
నాకు రెండో స్టవ్వొచ్చింది.
ఇడ్లీ, కారం దోసె, తొమ్మిదింటికి మళ్ళీ టీ.
పంక్చర్ల చెంగల్రాయుడు
కారు చక్రాల సీసం ముక్కలు కరిగించి
గాలాలకు గుండ్లు పోస్తాడు.
తిరపతిలో గాలాలమ్మే షాపాయన
నా గోడ మీద ఫోన్ నంబరు రాసి,
గోడకు బాడుగ కూడా ఇచ్చినాడు.
వలలేసే ఆర్ముగం మాత్రం
"నీళ్ళు మాకు కూడు, వీళ్ళకు ఆటనా?" అని ఉమ్మినోడు,
పోయిన నెల నుంచి పుట్టిని
గంటకు రెండొందలకు తిప్పతా ఉండాడు.
ఉమ్మడం మానలా.

పోయిన వారం ఒకాయన, బ్యాంకులో పనంట,
పొద్దుటి నుంచి కూచోని
ఒకే ఒక జిలేబి చేప పట్టినాడు, అరచెయ్యంత.
ముల్లు మెల్లగా తీసి
తడి చేత్తో మళ్ళీ నీళ్ళలోకే వదిలినాడు.
"ఏం మిగిలింది సార్ నీకు?" అంటే
చిల్లర కూడా తీసుకోకుండా నవ్వినాడు.

రాత్రి గల్లాపెట్టె తెరిస్తే
నోట్లకంతా నీచు వాసన.
కట్ట రాళ్ళ మీద నీళ్ళు
ఇంకో రెండు వరసలు దిగినాయి.
వళ్ళెమ్మ ఇంటి వెనక
పేడకుప్పకు చెంబుతో నీళ్ళు చల్లతా ఉండాది.