ఎనిమిది నిమిషాలు

టికెట్ మీద దూరం రాయరు.
కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే నవ్వాడు:
"గాలిలో ఎనిమిది నిమిషాలమ్మా.
మీరు సీట్లో సర్దుకునేలోపు దింపేస్తారు."

బ్రాజావిల్‌లో మా వంటింటి కిటికీ తీస్తే
అటు ఒడ్డున కిన్షాసా.
నడుమ కాంగో నది.
కిన్సుకాలో, రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలకి కాస్త పైన
ఎడమనుంచి మూడో దీపం మా అక్క లుజోలోది.
వాళ్ల వైపు కరెంటు పోతే
ఫోన్ రాకముందే నాకు తెలుస్తుంది.
"పోయిందే" అంటుంది.
"చూశానక్కా" అంటాను.
ఆ రెండు మాటలతోనే చాలా రాత్రులు గడిచిపోయాయి.

కూతవేటు దూరం అంటారు గానీ
ఇక్కడ కూత పనికిరాదు.
బండల మీద విరుచుకుపడే నీళ్ల రొదలో
నా కేక నాకే అందదు.
పడవలు దాటే రేవు ఎగువన ఉంది.
ఈ వానాకాలం దాన్ని మూసేశారు,
ఎందుకో ఎవరూ సరిగా చెప్పలేదు.

అందుకని విమానం.
వీసాకి పదకొండు రోజులు.
టీకా కార్డుకి ఒక పూట.
మాయా-మాయా విమానాశ్రయంలో
విరిగిన చేతుల కుర్చీ మీద నాలుగున్నర గంటలు.
ఆకుల్లో చుట్టిన కర్రపెండలం ముద్దలు, పొగబెట్టిన చేపలు,
అన్నిటికీ అడుగున అక్కకి కుట్టిన నీలం గౌను.
కాటా మీద పెట్టి "రెండు కిలోలు ఎక్కువ" అన్నారు.
చేపల మూట నా వెనకాయనకి ఇచ్చేశాను.

ఎగిరింది.
ముందు నదికి వీపు తిప్పి పైకి, ఇంకా పైకి.
దిగడానికే అంత ఎక్కాలి కాబోలు.
ఎయిర్‌హోస్టెస్ నీళ్ల ట్రే ఎత్తి, మళ్లీ దించేసింది.
ఒక్కసారి రెక్క వంగింది:
కింద గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా,
ఏ దేశపు ఆకో ఎవరూ అడక్కుండా కొట్టుకుపోతూ.
మా కిటికీ వెతుక్కున్నాను. అక్క కిటికీ వెతుక్కున్నాను.
అంతా ఒకటే రేకుల తళుకు.
చక్రాలు నేలని తాకాయి.

అక్కణ్ణుంచి కిన్సుకాకి టాక్సీలో
మూడు గంటల పది నిమిషాలు.
డ్రైవరు ఇంజను ఆపేసి వేరుశనగలు ఒలుస్తూ అన్నాడు:
"విమానం దిగినవాళ్లంతా ఈ రోడ్డు మీదే ముసలాళ్లవుతారు."

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.
నేను దర్జీని.
మనిషిని ముందు నడుము దగ్గర చూస్తాను.

గౌను నా పాత నోటుపుస్తకంలోని కొలతలతో కుట్టాను,
పెన్సిల్‌తో రాసుకున్నవి: నడుము తొంభై రెండు.
వేసుకుంది.
చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడింది.
టేపు తీశాను. డెబ్భై నాలుగు.
జానెడుకి కాస్త తక్కువగా
మా అక్క లేదు.
"ఫోన్‌లో చెప్పొద్దూ?" అన్నాను.
"గొంతు చిక్కలేదు కదే" అంది.

రోజూ దీపం చూశాను.
దీపం చిక్కదు.

ఆ రాత్రి రెండు పక్కలా కుట్లు విప్పి
గౌను లోపలికి తీసుకుంటుంటే కరెంటు పోయింది.
అవతలి ఒడ్డున మా వంటింటి లైటు,
ఆర్పడం మరిచి వచ్చానేమో, వెలుగుతోంది.
"రోజూ దాన్ని చూసే పడుకుంటాను" అంది అక్క,
"నువ్వు ఇంత లావెక్కావని మాత్రం తెలీలేదు."
నవ్వాం.
నవ్వుతూనే దగ్గింది, చాలాసేపు.
సూది చీకట్లో ఎక్కడో జారిపోయింది.
తెల్లారేదాకా ఇద్దరం
కాళ్లు కదపకుండా కూర్చున్నాం.